కప్పుకొనుట కంటె పరచుకొనుట ముఖ్యము
(ఊయల పడకకు అడుగు బొంత విషయమై మా అభిప్రాయము)



నులక మంచము ఎరిగిన ఇంట పుట్టినవారికి ఒక సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. వేసవి రాత్రులలో వాకిట మంచము వాల్చుకొని వట్టి నులక మీదనే పడుకొందుము. కింది నుండి గాలి తగులుచుండును, ప్రాణము హాయిగా ఉండును. అదే మంచము పుష్యమాసములో వట్టిగా పనికిరాదు. పైన రెండు దుప్పట్లు కప్పుకొన్నను వీపు చల్లబడును. అందుకే ఇంటి పెద్దలు మొదట బొంత పరచి, ఆ తరువాతనే కప్పుకొనుటకు దుప్పటి చేతికిత్తురు. చలికాలములో కప్పుకొనుట కంటె పరచుకొనుట ముఖ్యమని మన అవ్వలకు ఏ శాస్త్రమును చదువకయే తెలిసియున్నది.

ఇప్పుడు ఈ మాట ఎందుకనగా, మన పిల్లలు కొండలకు, అడవులకు పోయి రెండు చెట్లకు గుడ్డ ఊయల కట్టి అందులోనే రాత్రి గడుపుట అలవాటు చేసుకొన్నారు. దానిని హ్యామాక్ అందురు. మనము ఊయల పడక అందము. అందులో పడుకొనువారికి వీపు కింద చలి ఆపుటకు ఊయలకు వెలుపల, అడుగు భాగమున వ్రేలాడదీయు బొంత ఒకటి కావలెను. దానిని అండర్‌క్విల్ట్ అని అమ్ముచున్నారు. మేము దానిని అడుగు బొంత అనుచున్నాము. సోలాపురము, భివండి, సేలము, బరంపురము మొదలగు చోట్ల ఉన్న మన కుటుంబములలో ఇంటింట కుట్టు మిషను ఉన్నది, కుట్టుట తెలిసిన చేతులు ఉన్నవి. ఇది మన ఇండ్లలో తయారు చేయదగిన సరుకేనా అని కొందరు సభ్యులు అడిగినారు. చేయదగినదే అని మా సమాధానము. అయితే మన చేతికి అలవాటైన పద్ధతిలో కాదు. ఈ సంగతి మేము నష్టపడి నేర్చుకొన్నాము గనుక దాచక చెప్పుచున్నాము.

మేము చేసిన పొరపాటు

నిరుడు కార్తికములో మా ఊరి కుర్రవాండ్రు కొందరు వచ్చి పన్నెండు అడుగు బొంతలు కావలెనన్నారు. మేము సంతోషముతో ఒప్పుకొన్నాము. మన మగ్గము మీద నేసిన చిక్కని నూలు గుడ్డ రెండు పొరలుగా తీసుకొని, నడుమ ఏకిన దూది పరచి, మన ఆడవారి చేత వరుస కుట్లు వేయించినాము. కుట్టుకు కుట్టుకు నడుమ వ్రేలెడు దూరము కూడ లేదు. చూచినవారందరు మెచ్చుకొన్నారు. ఒక్కొక్కటి ఒకటిన్నర కిలోల బరువు తూగినది. నాలుగు మూలల నూలు పట్టీలు కుట్టి ఊయల తాళ్లకు కట్టుకొనుటకు వీలు చేసినాము. అంత గట్టి సరుకు ఇంకెవరు ఇత్తురని గర్వించినాము.

డిసెంబరులో ఆ కుర్రవాండ్రు సేలమునకు సుమారు 30 కిలోమీటర్ల దూరములోనున్న ఏర్కాడు కొండకు పోయినారు. అది సముద్రమట్టమునకు సుమారు 1,500 మీటర్ల ఎత్తున ఉన్నది. ఆ రాత్రి 14 డిగ్రీల చలి మాత్రమే. మంచు కురియు దేశముల లెక్కలో అది చలియే కాదు. అయినను నడిరేయి దాటకమునుపే అందరును ఊయలలు దిగి నెగడు చుట్టు కూర్చున్నారట. తిరిగి వచ్చిన తరువాత వారిలో ఒకడు మాతో అన్నమాట ఇది: “పెద్దనాయనా, పైన కప్పుకొన్నది వెచ్చగానే ఉంది. వీపు కింద మాత్రం ఎవరో చన్నీళ్లు చిలకరిస్తున్నట్టు ఉంది. తెల్లవారి చూస్తే బొంత మంచుకు తడిసి మోయలేనంత అయింది.”

పన్నెండు బొంతలును తిరిగి తీసుకొని డబ్బు ఇచ్చివేసినాము. ఆ నష్టమును కుట్టినవారి కూలిలో పట్టుకొనవలెనని మా కమిటీలో ఒకరిద్దరు అన్నారు. మేము ఒప్పుకొనలేదు. మనము చెప్పినట్లు వారు కుట్టినారు, చక్కగా కుట్టినారు. తప్పు చేతిపనిలో లేదు, చెప్పిన కొలతలో ఉన్నది. యోచన చేసినవాడు నష్టము భరించవలెను గాని సూది పట్టినవారు కాదు. ఏ కొత్త సరుకు మొదలు పెట్టినను ఈ నియమము ముందుగా నిశ్చయించుకొనవలెనని ప్రతి ఊరి సంఘమునకు మా సలహా.

వెచ్చదనము గుడ్డలో లేదు, గాలిలో ఉన్నది

గుడ్డ వేడి పుట్టించదు. వేడి పుట్టునది మనిషి ఒంటిలో. అది బయటకు పోకుండ ఆపునది గుడ్డ కాదు, గుడ్డలోను దూదిలోను చిక్కుకొని కదలక నిలిచిన గాలి. నిలిచిన గాలి వేడిని మోయు శక్తి చాల స్వల్పము. నీరు దానికి ఇరువది రెట్లకు పైగా మోయును. కావున బొంత వెచ్చగా ఉండవలెనన్న మూడు షరతులు చాలును. గాలి నిలుచుటకు మందము ఉండవలెను. ఆ గాలి కదలకూడదు. అది తడియకూడదు.

మందము సంగతి మొదట చూతము. డెబ్బది కిలోల మనిషి ఊయలలో పడుకొన్నపుడు ఆ బరువు ఇంచుమించు అయిదారు చదరపు అడుగుల మీద పడును. అనగా చదరపు అడుగునకు పండ్రెండు పదమూడు కిలోలు. నాలుగు సెంటిమీటర్లు పొంగియున్న దూది ఆ బరువు కింద అర సెంటిమీటరునకు అణగినచో చలి ఆపు శక్తి కూడ సుమారు ఎనిమిదవ వంతునకు పడిపోవును. ఎంత వెల పెట్టి కొన్న సంచి పడకయైనను ఊయలలో వీపు కింది భాగము ఇందుచేతనే పనిచేయదు. నేల మీద పడుకొన్నవానికి వీపు కింద గాలి వీచదు గనుక పలుచని చాపతో కొంత గడచును. ఊయలలో వానికి కింద గాలి వీచుచునే యుండును. అందువలన 20 డిగ్రీల రాత్రి కూడ కొందరికి వీపు చల్లబడును.

దీనికి విరుగుడు సులభము. బొంతను మనిషికిని ఊయలకును నడుమ పెట్టక, ఊయలకు వెలుపల కింద వ్రేలాడదీయవలెను. అప్పుడు మనిషి బరువు ఊయల గుడ్డ మోయును. బొంత తన బరువు తాను మోసికొనుచు పొంగియే ఉండును. అడుగు బొంత రహస్యమంతయు ఇంతియే.

ఇక మా తప్పు ఎక్కడ జరిగినదో చూడుడు. వెలుపల వ్రేలాడదీసినాము, అది సరియే. కాని దగ్గర కుట్లు వేసి దూదిని మేమే అణచివేసినాము. మనిషి బరువు చేయవలసిన చెరుపును మా సూది చేసినది. పాత చీరలు పొరలుగా వేసి కుట్టు బొంతకు దగ్గర కుట్టు ప్రాణము. పొరలు చెదరకుండ అదియే పట్టియుంచును. అడుగు బొంతకు అదే కుట్టు శత్రువు. తిరిగి వచ్చిన బొంతను మాలో ఒక అవ్వ ఒడిలో వేసుకొని రెండు అరచేతుల నడుమ నొక్కి చూచి, “దూది పొంగాలంటే దాన్ని వదిలిపెట్టాల గదా, మనం కట్టేసినాము,” అన్నది. మేము పుస్తకములు తిరగవేసి తెలిసికొన్నది ఆమె చేతితో తెలిసికొన్నది.

ఇందులో మరియొక సంగతి గమనింపదగియున్నది. ఈ ఊయల పడక చలి దేశపు వస్తువు కాదు. హ్యామాక్ అను మాటయే కరీబియన్ దీవుల ప్రజలది. 1492లో కొలంబస్ అక్కడకు పోయినపుడు ఆ ప్రజలు ఊయలలలో పడుకొనుట చూచినాడు. తరువాత ఐరోపా ఓడలలో నావికులకు అదియే పడక అయినది. ఉక్కపోయు ఆ దీవులలో కింది నుండి గాలి తగులుట మన నులక మంచములో వలె ఒక సుఖము. ఆ సుఖమునే కొండ మీది చలిరాత్రికి తీసికొనిపోయినచో అది బాధగా మారును. అడుగు బొంత ఆ మార్పునకు మందు.

ఏది ఎంచుకొనవలెను

కొనువారికిని కుట్టువారికిని కూడ ఉపయోగించునట్లు ఒక్కొక్కటిగా చెప్పుదుము.

నురుగు చాప: గట్టి నురుగుతో చేసిన చాపలు బరువు కింద అంతగా అణగవు, తడియవు, వెల తక్కువ. మొదటిసారి కొండకు పోవు పిల్లవానికి మేము దీనినే చెప్పుదుము. కాని సామాన్యముగా వీని వెడల్పు 50 సెంటిమీటర్లే. ఊయల గుడ్డ రెండు ప్రక్కల నుండి భుజములను కౌగిలించుకొనును గనుక భుజములకు చలి తప్పదు. నిద్రలో చాప జారిపోవును. చెమట ఆవిరి పోవు దారి లేక వీపు చెమ్మగిల్లును. రెండు పొరల ఊయల దొరికినచో ఆ పొరల నడుమ చాప పెట్టుకొనుట మేలు. గాలి నింపు పరుపులు మెత్తగా ఉండును గాని అవియు జారును. పైగా ఒక ముల్లు గుచ్చుకొనిన ఆ రాత్రికి అంతియే.

నూలు: ఇది చెప్పుట మాకు కష్టముగా ఉన్నది. నూలు నేసి బ్రతికిన ఇండ్లు మనవి. అయినను అడుగు బొంతకు నూలు పనికిరాదు. నూలు వ్యాపారములో తేమ లెక్క మనకు తెలిసినదే: 100 పాళ్ల ఎండు పత్తికి 8.5 పాళ్లు తేమ. పాలియెస్టరుకు ఆ లెక్క 0.4 మాత్రమే. కొండ మీది మంచు, మనిషి చెమట రెండును పత్తి తాగును. తాగి బరువెక్కి అణగిపోవును. ఆరుటకు రోజంతయు ఎండ కావలెను. ఇంటిలో మంచము మీద పత్తికి సాటి లేదు. చెట్టుకు కట్టిన ఊయల కింద అది చెరుపు చేయును.

బూరుగు దూది: పీచు లోపల బోలుగా ఉండును, చాల తేలిక, నీట తేలును. దిండ్లకు మేలైనది. కాని ఆ పీచు నున్నన, పెళుసు. వ్రేలాడు బొంతలో ఒక ప్రక్కకు జారి ముద్దకట్టును. జారకుండ కుట్లు వేసినచో మరల మా మొదటి పొరపాటే.

ఉన్ని: కంబళి ఉన్నికి తేమ లెక్క 16కు పైననే ఉన్నను ఆ తేమ పీచులోపల ఇముడును, ఉన్నికి గల ముడుతల బిగువు వలన అది పత్తి వలె వెంటనే అణగిపోదు. ఇంటిలో మంచి కంబళి ఉన్నవారు కొత్తది కొననక్కరలేదు. దానిని ఊయల కింద కట్టి, దాని కింద గాలి చొరని గుడ్డ ఒకటి పరచినచో మన కొండలలో గడచును. ఆ గుడ్డ లేక వట్టి కంబళి కట్టినచో గాలి దాని గుండ నేరుగా దూరును. బరువు మాత్రము తప్పదు.

బాతు నూగు: బాతుల రొమ్ము నుండి తీసిన మెత్తని నూగు అన్నిటికంటె తేలిక. ఒక ఔన్సు నూగు ఎన్ని ఘనపు అంగుళములు పొంగునో దానిని బట్టి వెల కట్టుదురు. 600 నుండి 900 వరకు ఉండును. చిన్న మూటగా మడుచుకొనును. కాని తడిసినచో ముద్దయై ఏమియు పనిచేయదు. అది జారకుండుటకు లోపల సన్నని గుడ్డతో నిలువు గోడలు కుట్టి గదులు చేయవలెను. నూగు బయటకు రాని నేత కావలెను. వెల ఎక్కువ. చేయి తిరిగిన తరువాత చూడవచ్చును గాని మొదటనే దీనిలో చేయి పెట్టరాదు.

పాలియెస్టర్ దూది షీటు: మా తీర్పు దీని వైపే. తేమ పీల్చదు, తడిసినను పిండి విదిలించిన తిరిగి పొంగును, షీటుగా వచ్చును గనుక జారదు. అందులోను తెగని పొడుగు పోగులతో చేసిన షీటు మేలైనది. దానికి నడుమ కుట్టే అక్కరలేదు, అంచులు పట్టిన చాలును. ఆ రకములో చదరపు మీటరునకు 120 గ్రాముల షీటు 5 డిగ్రీల దరిదాపు వరకు, 167 గ్రాముల షీటు నీరు గడ్డకట్టు చలి వరకు వచ్చునని తయారుదార్లు ఉజ్జాయింపుగా చెప్పుచున్నారు. బజారులో పరుపుల అంగడిలో దొరకు మామూలు షీటు అంత మేలు చేయదు. అది వాడువారు 200 గ్రాములది తీసికొనవలెను. ఏర్కాడు, ఒడిషాలోని దారింగబాడి, మహారాష్ట్రలోని సహ్యాద్రి కోటల వంటి చోట్ల శీతకాలపు మామూలు రాత్రులకు ఇది సరిపోవును.

కుట్టు విధానము

మొదటి ప్రయత్నమునకు ముప్పాతిక పొడవు బొంత చాలును. భుజముల నుండి మోకాళ్ల దాక అది కాచును. కాళ్ల కింద చిన్న నురుగు ముక్క పెట్టుకొనవచ్చును. కొలత: పొడవు 52 అంగుళములు, వెడల్పు 46 అంగుళములు. నిలువెల్ల కావలెనన్నవారికి పొడవు 76 అంగుళములు.

పై గుడ్డకు 20 నుండి 40 డెనియర్ల నైలాన్, చిక్కని నేత, క్యాలెండరు చేసినది తీసికొనవలెను. పరీక్ష సులభము. గుడ్డను పెదవులకు ఆనించి గట్టిగా ఊదవలెను. గాలి సులభముగా దూరినచో ఆ గుడ్డ వలదు. ఏ మాత్రము దూరనిచో అది రబ్బరు పూత వేసిన గుడ్డ. అదియు వలదు, చెమట ఆవిరి లోపలనే నీరగును. కష్టము మీద కొంచెము దూరవలెను.

రెండు గుడ్డలను మంచి ముఖములు ఎదురెదురుగా ఉంచి, వాని మీద దూది షీటు పరచి, చుట్టును ఒక్క కుట్టు వేయవలెను. ఒక ప్రక్క జానెడు మేర వదలి, అక్కడ నుండి తిరగవేసి, ఆ సందు మూసివేయవలెను. నడుమ కుట్టు వేయకుడు. అందము కొరకు కూడ వేయకుడు. ప్రతి కుట్టు గీత వెంబడి దూది అణగి అక్కడ చలి దూరును. మన ఆడవారికి ఈ ఒక్క మాట నచ్చజెప్పుటకే మాకు ఎక్కువ కాలము పట్టినది. చేతనైన పని చేయవద్దనుట ఎవరికైనను కష్టమే.

తరువాత నాలుగు అంచులను, పైజామా నడుమున బొందు దూర్చుటకు మడిచినట్లు, ముప్పాతిక అంగుళము మడిచి కుట్టవలెను. పొడవు వైపు రెండు మడతలలో మూడు నాలుగు మిల్లీమీటర్ల లావు గల రబ్బరు సాగుతాడు పోవును. దాని కొనలు ఊయల రెండు చివరలకు తగిలించవలెను. పొట్టి వైపు రెండు మడతలలో మామూలు బొందు దూర్చి ముడుచుకొనునట్లు చేయవలెను. తల వైపు, కాళ్ల వైపు సందు మూసివేయునది ఈ బొందే. అది లేనిచో ఒక కొన నుండి గాలి దూరి మరియొక కొన నుండి పోవును. అప్పుడు ఎంత మందము ఉన్నను వ్యర్థము. గాలి కదలకూడదను రెండవ షరతు ఇక్కడ నెరవేరవలెను.

మందమైన బొంత చేయునపుడు కింది గుడ్డను పై గుడ్డ కంటె రెండు మూడు అంగుళములు వెడల్పుగా కత్తిరించి, ఎక్కువైనదానిని చివరలలో కుచ్చుగా పట్టవలెను. గుండ్రముగా వంగిన వస్తువునకు వెలుపలి వైపు ఎక్కువ గుడ్డ కావలెను గదా. సమానముగా కత్తిరించినచో కింది గుడ్డ బిగిసి దూదిని నొక్కును.

ఈ కొలతతో, చదరపు మీటరునకు 40 గ్రాముల గుడ్డ రెండు పొరలు, 167 గ్రాముల షీటు వేసినచో మొత్తము బరువు సుమారు 450 గ్రాములు వచ్చును. మా మొదటి బొంత ఒకటిన్నర కిలోలు అని పైన చెప్పినాము. మూడవ వంతు బరువు గల ఈ బొంత దానికంటె వెచ్చగా ఉన్నది.

కట్టుటలో కూడ చేయి తిరుగవలెను. బొంత ఊయలకు అంటియుండవలెను గాని నొక్కకూడదు. మనిషి ఊయలలో ఐమూలగా పడుకొనిన తరువాత మరియొకరు కింద చేయి పెట్టి చూడవలెను. బొంతకును ఊయలకును నడుమ చేయి విచ్చలవిడిగా ఆడినచో సందు ఎక్కువ, తాడు బిగించవలెను. చేతికి దూది పలుచనై వీపు గట్టిగా తగిలినచో బిగువు ఎక్కువ. తాడు వదులు చేయవలెను. వర్షమునకు పైన కప్పు గుడ్డ తప్పక ఉండవలెను. అది అడుగు బొంత అంచులను కూడ కాచునంత వెడల్పుగా ఉండవలెను.

ఈ విధముగా నాలుగు బొంతలు కుట్టించి జనవరిలో మరల అదే కొండకు పంపినాము. ఈసారి కుర్రవాండ్రను మాత్రమే పంపలేదు. కమిటీ సభ్యులము ఇద్దరము కూడ పోయి ఆ ఊయలలలోనే పడుకొన్నాము. ఎక్కుట దిగుట మా వయస్సునకు నవ్వులాటగానే ఉన్నది. అయినను తెల్లవారుదాక నిద్రపోయినాము. ఒక బొంతకు మాత్రము తల వైపు బొందు వదులై మెడకు చలి తగిలినది. లేచి బిగించిన తరువాత సరిపోయినది.

వచ్చుచున్న అభ్యంతరములు

చేనేత సంఘము వారు నైలాన్, పాలియెస్టర్ కుట్టుమని చెప్పుట తగునా అని ఒక పెద్దమనిషి మమ్ము అడిగినారు. అడుగదగిన ప్రశ్నయే. మా సమాధానము ఇది. కొనువాడు మన నూలును పూజించుటకు కాదు, రాత్రి నిద్రపోవుటకు డబ్బు ఇచ్చుచున్నాడు. నూలు పని చేయని చోట నూలును అంటగట్టినచో, రేపు నూలు నిజముగా పని చేయు చోట కూడ మన మాట నమ్మడు. మన చీరకు, దుప్పటికి, తువ్వాలుకు ఉన్న పేరు కాపాడుకొనవలెనన్ననే ఇక్కడ నూలు వలదని చెప్పవలెను. ఇంటి వసారాలో కట్టుకొను ఊయల ఉన్నది. అది నూలుతోనే బాగుండును. అది మన మగ్గము మీద నేయుడు, నేసినామని గర్వముగా చెప్పుడు. కాని మిల్లు నైలాన్‌తో కుట్టిన అడుగు బొంతకు చేనేత అను మాట తగిలించి అమ్మకుడు. 2006లో వచ్చిన చేనేత గుర్తు మగ్గము మీద నేసిన గుడ్డకే గాని, నేసేవారి ఇంట కుట్టిన ప్రతి వస్తువునకు కాదు.

ఇది తీరిక గల పిల్లల వేడుక, దీనితో మన ఇండ్లు గడచునా అని మరియొకరు అన్నారు. ఇల్లు గడచునని మేము చెప్పలేదు. మగ్గమునకు పని లేని నెలలలో కుట్టు మిషను ఊరక ఉండకుండుటకు ఇదియొక దారి. అంతకు మించి ఆశ పెట్టుకొని వందల కొలది కుట్టి నిలువ చేయువారిని మేము వారించుచున్నాము. పది కుట్టుడు, పది అమ్ముడు, కొన్నవారి మాట వినుడు, ఆ పైన పదకొండవది మొదలు పెట్టుడు.

డిగ్రీలు వ్రాయనిదే అంగడివారు తీసికొనరని మూడవ మాట. సంచి పడకలకు అంతర్జాతీయ ప్రమాణము ఒకటి ఉన్నది, దాని సంఖ్య 23537. అది ఊయల కింది బొంతకు వర్తించదు. కావున పరదేశపు బొంత మీది అంకెను చూచి మన బొంత మీద అచ్చు వేయుట అబద్ధము. చలిలో అబద్ధపు అంకెను నమ్మినవాడు రోగము తెచ్చుకొనవచ్చును. మనము వ్రాయదగినవి ఇవి: షీటు బరువు ఎంత, మొత్తము బరువు ఎంత, ఏ రాత్రి ఏ కొండ మీద ఎన్ని డిగ్రీలలో మన మనిషి ఇందులో నిద్రపోయినాడు. ఆ మూడును నిజములు గనుక ఎవరికిని జంకనక్కరలేదు.

చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొన్న వారము మేము. మీ చేతులు కాలకుండవలెనని ఇంత విస్తరించి వ్రాసినాము. ఏ ఊరి సంఘమైనను ఈ పని మొదలు పెట్టదలచినచో మొదటి బొంతను అంగడికి పంపకుడు. కుట్టించిన పెద్దలలో ఒకరు ఆ బొంతను ఊయల కింద కట్టుకొని చలిరాత్రి ఆరుబయట తెల్లవార్లు పడుకొనవలెను. ఆయన నిద్రపోయినచో రెండవది కుట్టుడు.